సమస్య: గట్టులోనఁ గాల్వ గట్టు కొఱకు

నిర్వాహకుడు, అమలాపురం: ఆటవెలది చివరి పాదం ఇస్తున్నాను, ముందు మూడు పాదాలు మీరు పూరించండి. గట్టులో నీరు ఊరితే గండి పడుతుందని డెల్టాలో పుట్టిన ప్రతివారికీ తెలుసు. ఆ అసంభవాన్ని సంభవం చేయండి.

భీమవరం సభ్యుడు:
కొబ్బరులకు నీరు కోరిన రైతన్న
మట్టి తవ్వి బోదె మలచి నిలిచె
వేళ్లు గట్టు నాపె, వేళ్లకు నీరిచ్చె
గట్టులోనఁ గాల్వ గట్టు కొఱకు

నిర్వాహకుడు: మూడో పాదం అందంగా కుదిరింది. కానీ మీ బోదె, అంటే ఆ చిన్న కాలువ, గట్టు మీద ఉంది, లోపల లేదు. 'లోన' తేలిపోయింది.

కాకినాడ, శరీర నిర్మాణ శాస్త్ర అధ్యాపకురాలు:
గుండె నుండి వచ్చు గొప్ప ధమని గోడ
మందమైన దగుట మధ్య పొరకు
నెత్తురందఁ జేయ నిలిచె సన్నని నాళి
గట్టులోనఁ గాల్వ గట్టు కొఱకు

ఆ గొప్ప ధమని, అంటే బృహద్ధమని, గోడ మందం దాదాపు 2 మిల్లీమీటర్లు. మధ్య పొర నిండా సాగే పలకలు, కండర కణాలు. లోపల పారే రక్తం అంత మందానికి చాలదు. అందుకే గోడకే వేరే నాళాలు, 'వాసా వాసోరం'. సూక్ష్మదర్శినిలో చూడండి: వెలుపలి పొరలో వదులుగా అల్లుకున్న పీచుల నడుమ చిన్న గుండ్రని రంధ్రాలు, వాటిలో నాలుగైదు ఎర్ర కణాలు.

రాజమహేంద్రవరం, విశ్రాంత వైద్యుడు: అమ్మా, ధార చాలా బాగుంది. అయితే ఆ నాళాలు వెలుపలి పొరకు, మధ్య పొరలో బయటి భాగానికే. లోపలి భాగం పక్కనే పారే రక్తం నుంచి ఇంకించుకుంటుంది. రెండో పాదం 'వెలుపలి పొరలెండి వేగకుండ' అంటే నిజానికి దగ్గరవుతుంది.

అధ్యాపకురాలు: డాక్టరుగారూ, అప్పుడు మందం అన్న కారణమే పోతుంది కదండీ? అతి సన్నని రక్తనాళమైన కేశనాళిక గోడ ఒక్క కణం మందమే. దానికి ఈ ఏర్పాటే అక్కర్లేదు. సమస్యకు ప్రాణం ఆ మందమే.

వైద్యుడు: 'గొప్ప' అన్న మాట ఆ భారం మోస్తుందమ్మా. తప్పుడు పొర పేరు మాత్రం పద్యంలో నిలవకూడదు.

నరసాపురం సభ్యురాలు:
సిరల నెత్తురందుఁ జేవ తక్కువ గాన
దరికి నిలువలేక దారి తీసి
నాళి సాగిపోయె నట్టనడుమ దాక
గట్టులోనఁ గాల్వ గట్టు కొఱకు

భీమవరం సభ్యుడు: మొదటి పాదంలో సి, జే యతి చెల్లుతుందా?

నిర్వాహకుడు: చెల్లుతుంది. చ, జ, స లకు మైత్రి ఉంది. ఇ, ఏ లకూ ఉంది.

వైద్యుడు: విషయమూ సరైనదే. పెద్ద సిరల్లో ఈ నాళాలు ధమనుల్లో కంటే లోతుకు చొచ్చుకుపోతాయి, లోపలి రక్తంలో ప్రాణవాయువు తక్కువ కాబట్టి. ఊపిరితిత్తుల నుంచి గుండెకు వచ్చే సిరల్లో మాత్రం అది పుష్కలం. వాటిని మినహాయిస్తూ ఇంకో పద్యం రాయండమ్మా.