‘కోరంగి’ అంటే ఎవరు? ‘రంగం’ అంటే ఎక్కడ?

నిన్న మన బృందంలో ఒక సభ్యురాలు అడిగిన ప్రశ్న ఇది: “1930 ప్రాంతంలో బర్మా గురించి ఇంగ్లీషులో రాసినవాళ్లు రంగూన్ రేవు కూలీలను ‘కోరంగీలు’ అన్నారు. ఇది కులం పేరా, తిట్టా? సంస్కృతంలో కోరంగి అంటే చిన్న ఏలకి. ఏలకుల బేరగాళ్ల నుంచి వచ్చిన పేరేమో?”

కులం కాదండీ. ఏలకులతోనూ పని లేదు. కోరంగి ఒక ఊరు. కాకినాడకు దక్షిణంగా, తాళ్లరేవు దగ్గర, గోదావరి సముద్రంలో కలిసే చోట ఉంది. ఇప్పుడు మడ అడవులు చూడటానికి వెళ్తున్నాం గానీ, ఒకప్పుడు పెద్ద ఓడలు మరమ్మతుకు ఆగిన రేవు అది. 1789లో ఒకసారి, 1839లో ఇంకోసారి ఉప్పెన దాన్ని ముంచేసింది. తుపానుకు ఇంగ్లీషులో ‘సైక్లోన్’ అని పేరు పెట్టిన హెన్రీ పిడింగ్టన్ ఆ 1789 ఉప్పెన గురించి రాశాడు. మాటల మీద ఇష్టంతో చేరినవాళ్లం కనుక ఈ సంగతి దాటవేయలేకపోయాను.

ఊరు దెబ్బతిన్నా పేరు మాత్రం సముద్రం దాటింది. 1843లో ‘కోరంగి పాకెట్’ అనే ఓడ తెలుగు కూలీలను మారిషస్ చేర్చింది. అక్కడ తెలుగువాళ్లందరికీ కోరంగీలని పేరు పడింది. బర్మాలోనూ అంతే. కూలీలను పోగుచేసే మేస్త్రీ చేతిలో పెట్టిన బయానా తీసుకుని కాకినాడలోనో, విశాఖపట్నంలోనో, కళింగపట్నంలోనో స్టీమరెక్కి, డెక్కు మీద చాప పరుచుకుని వెళ్లిన మనిషి రంగూన్‌లో దిగగానే కోరంగి అయిపోయేవాడు. కళింగపట్నంలో ఓడెక్కినవాడు బహుశా జన్మలో కోరంగి చూసి ఉండడు.

తిట్టా అంటే, మాటలో తిట్టు లేదు. అయితే 1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. వాళ్ల బదులు బర్మా వాళ్లను పెట్టారు. సమ్మె తీరగానే ఆ కొత్తవాళ్లను పొమ్మన్నారు. దాంతో కొట్లాట మొదలై, ఎంతోమంది తెలుగువాళ్లు చనిపోయారు. ఆ రోజుల్లో వీధిలో ‘కోరంగి’ అన్న కేక విన్నవాడికి అది ఊరి పేరుగా వినిపించి ఉంటుందా?

ఇక రంగూన్‌కు మనవైపు మాట ‘రంగం’. మా నాయనమ్మది శ్రీకాకుళం వైపు. ఆమె నోట బర్మా అన్న మాట నేనెప్పుడూ వినలేదు. “మీ తాత రంగం నుంచి తెచ్చిన పెట్టె, జాగ్రత్త” అనేది. టేకు పెట్టె, మూలలకు ఇత్తడి రేకులు. మూత లోపల తాత పేరు తెలుగులో చెక్కి ఉంటుంది, ‘ర’ కొంచెం పక్కకు ఒరిగి. ఆయన రంగూన్‌లో దిగినా పని చేసింది పైన ఎక్కడో బియ్యం మిల్లులో. అయినా అదంతా ఆమెకు రంగమే. వాళ్లు మనల్ని మన రేవు పేరుతో పిలిచారు, మనం వాళ్ల దేశాన్ని వాళ్ల రేవు పేరుతో పిలిచాం. నాకు ఈ చర్చలో అన్నిటికన్నా నచ్చింది ఇదే.

ఆ ప్రశ్న కింద ఒక మిత్రుడు “కోరంగిలో రంగం ఉంది కదా, రెండూ ఒకటే మాటేమో” అన్నారు. వినడానికి బాగుంది కానీ నిలబడదు. 1755లో బర్మా రాజు అలౌంగ్‌పయా డగోన్ ఊరికి యాంగోన్ అని పేరు మార్చాడు. పోరు ముగిసిందని దాని అర్థం. పడమటి బర్మాలోని అరకాన్ వాళ్ల పలుకుబడిలో ఆ ‘య’ ఉన్న చోట ‘ర’ నిలిచింది, దాని నుంచి రంగూన్, మన నోట రంగం. కోరంగి మాత్రం కళింగ నుంచి వచ్చి ఉండవచ్చని 1886 నాటి హాబ్సన్ జాబ్సన్ నిఘంటువు ఊహ. నాకు ఆ ఊహ మీద అంత గురి లేదు.

ఇది మనకొక్కరికే జరిగింది కాదు. 1860 నవంబరు 16న ‘ట్రూరో’ ఓడ కూలీలతో మద్రాసు నుంచి దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. డర్బన్ ఉన్న నాటాల్ ప్రాంతంలో, కలకత్తాలో ఓడెక్కినవాళ్లు ‘కలకటియా’లు, మద్రాసులో ఎక్కినవాళ్లు ‘మద్రాసీ’లు. ఆ మద్రాసీల్లో తెలుగువాళ్లు కూడా ఉన్నారు. ఓడ పట్టీల్లో ఒక్కొక్కరి పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు రాసి ఉంటాయి. కాగితం ఊరిని గుర్తుంచుకుంది, నోరు రేవును గుర్తుంచుకుంది.

మళ్లీ బర్మా సంగతికొస్తే, 1942లో అక్కడికి జపాన్ సేనలు వచ్చినప్పుడు చాలామంది కొండలు, అడవులు దాటి నడిచి వచ్చేశారు. విశాఖలో ‘బర్మా క్యాంపు’ ఉంది, ‘రంగం క్యాంపు’ లేదు. అంటే తిరిగొచ్చేసరికి మాట మారిందా, లేక ఆ పేరు సర్కారు పెట్టిందా? భీమిలి, కళింగపట్నం వైపు పెద్దవాళ్లున్న సభ్యులు ఇళ్లలో అడిగి చెప్పండి. వెళ్లినవాళ్లను ‘రంగం వెళ్లాడు’ అనేవారు సరే, తిరిగొచ్చినవాళ్లను ఏమనేవారు?