నెవాడాలో పక్కింటివారి దగ్గర రైఫిల్ కొనాలన్నా నేపథ్య తనిఖీ తప్పదా?

ప్రశ్న:
గ్రీన్ కార్డు వచ్చాక మేము టెక్సాస్ నుంచి నెవాడాకు మారాము. పక్కింటి పెద్దాయన తన వేట రైఫిల్‌ను నాకు అమ్ముతానన్నారు గాని, తనిఖీ కోసం ఇద్దరం కలిసి లైసెన్సు ఉన్న తుపాకుల డీలర్ దగ్గరికి వెళ్లాల్సిందేనని షరతు పెట్టారు. టెక్సాస్‌లో తెలిసినవారి మధ్య జరిగే అమ్మకాలకు ఈ తతంగం లేదు. తుపాకి కొనేవారి నేపథ్యాన్ని తనిఖీ చేయించే బ్రేడీ చట్టం దేశమంతటికీ ఒకటే అయినప్పుడు ఈ తేడా ఎందుకో తెలిసినవారు వివరించగలరు.

జవాబు 1:
పెద్దాయన చెప్పింది నిజమేనండి. 1993 నాటి బ్రేడీ చట్టం తనిఖీ బాధ్యతను లైసెన్సు ఉన్న డీలర్ల మీదే పెట్టింది. వ్యాపారి కాని వ్యక్తి తన రాష్ట్రంలోనే ఉండే మరొకరికి అమ్మితే, అవతలివారు చట్టప్రకారం తుపాకి ఉంచుకోవడానికి అనర్హులని తెలిసి అమ్మనంతవరకు, ఫెడరల్ చట్టం తనిఖీ అడగదు. ఆ ఖాళీని కొలరాడో 2013లో శాసనసభ ద్వారా, వాషింగ్టన్ 2014లో ప్రజల ఓటు ద్వారా పూడ్చుకున్నాయి. టెక్సాస్ ఆ జోలికి పోలేదు.

నెవాడా సంగతి వేరు. 2016లో ఓటర్లు పది వేల లోపు ఆధిక్యంతో ఇలాంటి ప్రతిపాదననే గెలిపించారు. అయితే దాన్ని రాసినవారు, ఇక్కడి డీలర్లు ఎప్పుడూ సంప్రదించే రాష్ట్ర విభాగాన్ని పక్కనపెట్టి, ఈ తనిఖీలు నేరుగా ఎఫ్‌బీఐ చేయాలని నిర్దేశించారు. ఒక రాష్ట్ర చట్టం తమకు పని పురమాయించలేదని ఎఫ్‌బీఐ తేల్చిచెప్పడంతో, ఓట్లు గెలిచిన చట్టం కాగితం మీదే ఉండిపోయింది. చివరకు 2019లో శాసనసభ ఆ పనిని రాష్ట్ర విభాగానికే అప్పగిస్తూ కొత్త చట్టం చేయగా, అది 2020 జనవరి 2న అమల్లోకి వచ్చింది.

జవాబు 2:
మీరిద్దరూ కలిసే డీలర్ దగ్గరికి వెళ్లాలి. డీలర్ ఆ రైఫిల్‌ను తన సొంత సరుకులాగే పరిగణించి, తుపాకి కొనేవారు తమ వివరాలు రాసిచ్చే ఫెడరల్ పత్రమైన 4473 ఫారం మీ చేత నింపిస్తారు. మీరు పౌరులు కారు కాబట్టి అందులో గ్రీన్ కార్డు మీద ఉండే ఏలియన్ నంబరు (వలసదారుల గుర్తింపు సంఖ్య) రాయాలి, మరిచిపోకండి. అనుమతి రాకపోతే తుపాకి తిరిగి పెద్దాయనకే వెళ్తుంది. డీలర్ కొంత రుసుము తీసుకోవచ్చు. భార్యాభర్తలు, తల్లిదండ్రులు, తోబుట్టువుల వంటి దగ్గరి బంధువుల మధ్య మార్పిడికి మినహాయింపు ఉంది గాని, ఎంత ఆత్మీయుడైనా పొరుగువాడు ఆ జాబితాలోకి రాడు.

జవాబు 3:
ఇద్దరు పొరుగువారు గరాజ్‌లో చేతులు మార్చుకుంటే పట్టుకునేదెవరని నాకూ సందేహం ఉండేది. జాతీయ స్థాయిలో తుపాకుల రిజిస్టరు పెట్టకూడదని 1986 నుంచి ఫెడరల్ చట్టమే ఉంది కాబట్టి ఆ సందేహంలో పస లేకపోలేదు. అయినా పెద్దాయన పట్టుదల ఆయన మేలుకే అనిపిస్తుంది. రేపు ఆ రైఫిల్ ఏదైనా నేరం జరిగిన చోట దొరికితే, దర్యాప్తు తయారీదారు నుంచి మొదటి డీలర్‌కు, అక్కడి ఫారం నుంచి మొదట కొన్న ఆయనకు చేరి, అక్కడితో ఆగిపోతుంది. డీలర్ ద్వారా అమ్మితే ఆ గొలుసులో తరువాతి లంకె మీ ఫారమే అవుతుంది.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండి, శనివారం ఇద్దరం వెళ్తున్నాం. మా ఇంట్లో హెచ్‌1బీ మీద ఉన్న తమ్ముడు ఆ రైఫిల్ వాడవచ్చా?

జవాబు 2:
అతని దగ్గర చెల్లుబాటయ్యే వేట లైసెన్సు వంటి మినహాయింపు లేకపోతే, ఫెడరల్ చట్టం ప్రకారం ఆ వీసా మీద ఉన్నవారు తుపాకిని తమ స్వాధీనంలో ఉంచుకోవడమే నేరం. రైఫిల్‌కు తాళం వేసి, తాళం చెవి మీ దగ్గరే ఉంచుకోండి.