కాంక్రీటు పరీక్షలను వేగవంతం చేసే పరిశోధనకు నిధులు ఎలా అడగాలి?

ప్రశ్న (అనంతపురం, సివిల్ అధ్యాపకుడు):
అందరికీ నమస్కారం. ముద్దనూరు దగ్గరి థర్మల్ కేంద్రం బూడిదను కొంత సిమెంటుకు బదులుగా వాడి 20 మిక్సులను (కాంక్రీటు మిశ్రమాలను) పోల్చాలనుకుంటున్నాను. ఒక్కో మిక్సుకు 7, 28, 90 రోజులకు మూడేసి చొప్పున మొత్తం 180 క్యూబులు (పగలగొట్టి బలం చూసే కాంక్రీటు దిమ్మెలు) కావాలి. చివరి ఫలితం చేతికొచ్చేసరికి ఎం.టెక్. విద్యార్థుల గడువు ముగిసిపోతోంది. ఆ ఫలితాలతో బీములు, కాలమ్‌ల కొలతలను కంప్యూటరు ద్వారా సవరించి సిమెంటు, ఉక్కు ఆదా చేయడం రెండో దశ. గతంలో ఒక సంస్థకు పంపిన ప్రతిపాదన కారణం కూడా చెప్పకుండా తిరిగి వచ్చింది. 2023 చట్టంతో ఏర్పడిన అనుసంధాన్ జాతీయ పరిశోధన సంస్థకు ఈసారి పంపబోతున్నాను. నిధులలో పెద్ద భాగం దేనికి అడగాలి?

సమాధానం (కడప, టెస్టింగ్ ల్యాబ్ ఇంజినీరు):
మాస్టారూ, ఖరీదైన యంత్రం అడగకండి. కాంక్రీటు బలాన్ని త్వరగా తేల్చే భారతీయ ప్రమాణం ఐఎస్ 9013 లోని మరిగే నీటి పద్ధతిలో క్యూబును 23 గంటలు తేమలో ఉంచి, మూడున్నర గంటలు మరిగించి, రెండు గంటలు చల్లార్చితే 28 గంటల 30 నిమిషాలకే పగలగొట్టవచ్చు. అయితే ఆ బలానికీ 28 రోజుల బలానికీ ఉన్న సంబంధాన్ని మీరు వాడే సిమెంటుతో, మీ కంకరతో, మీరే కట్టుకోవాలి. బూడిద సున్నంతో నెమ్మదిగా కలుస్తుంది, వేడి ఆ చర్యను తొందరపెడుతుంది. అందుకని బూడిద 20 శాతం ఉన్న మిక్సునూ 40 శాతం ఉన్న మిక్సునూ ఒకే గీత మీద పెట్టలేరు. మొదటి ఏడాది మరిగించే పరీక్ష, 28 రోజుల పరీక్ష రెండూ జంటగా జరగాల్సిందే. ట్యాంకు, మోల్డులు, క్యూబులు మోసి పరీక్షించే మనిషి జీతం: అసలు ఖర్చు ఇదే, దాచకుండా రాయండి.

సమాధానం (కర్నూలు, స్ట్రక్చరల్ డిజైనరు):
కడప సోదరుడి మాటకు ఒకటి చేరుస్తాను. ఎం25కు, అంటే 28 రోజులకు 25 ఎంపీఏ (చదరపు మి.మీ.కు 25 న్యూటన్ల) బలం ఉండాల్సిన కాంక్రీటుకు, మిక్సులో గురిపెట్టాల్సిన లక్ష్య బలం 25 + 1.65 × ప్రామాణిక విచలనం (ఫలితాలు సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పే కొలత). విచలనం 5 నుంచి 4కు తగ్గితే లక్ష్యం 33.25 నుంచి 31.6 ఎంపీఏకు దిగుతుంది, సిమెంటు అక్కడే మిగులుతుంది. కాబట్టి ఫలితాల సగటుతో పాటు చెదురును కూడా నమోదు చేయండి. కంప్యూటరు ప్రతి కాలమ్‌కూ వేరే కొలత ఇస్తే సెంట్రింగు మేస్త్రీ అన్ని కొలతల పోత పెట్టెలు కొట్టలేడు. మూడు నాలుగు కొలతలకు మించకూడదన్న షరతును ముందే పెట్టండి.

ప్రశ్నించినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. అలాగే తిరగరాస్తాను. కడప ఇంజినీరు గారూ, కొన్ని మిక్సుల క్యూబులను మీ ల్యాబులోనూ పగలగొట్టి సరిచూడవచ్చా?

కడప ఇంజినీరు:
తప్పకుండా సార్. పోత పోసిన తేదీ, గంట క్యూబు మీద రాసి పంపండి.