పెర్రీ వెళ్లిపోయాడు, పోర్టల్‌తో నింపుకున్నాం: కెంటకీ యూనివర్సిటీ 2025-26 బాస్కెట్‌బాల్ జట్టు మీద మీ మాట ఏమిటి?

బ్లూగ్రాస్ బాబు:
2025 జులై వచ్చేసింది, కోచ్ మార్క్ పోప్ జట్టు దాదాపు ఖరారైంది. కిందటి సీజన్‌లో ఎక్కువగా ఆడినవాళ్లలో మిగిలింది ఒటేగా ఓవే, బ్రాండన్ గారిసన్, కాలిన్ చాండ్లర్, ట్రెంట్ నోవా, అంతే. పోర్టల్ (వేరే కాలేజీకి మారాలనుకునే ఆటగాళ్ల జాబితా) నుంచి వచ్చినవాళ్లు: పిట్స్‌బర్గ్ నుంచి జాలెండ్ లో (Lowe), ఫ్లోరిడా నుంచి డెంజెల్ అబర్డీన్, అలబామా నుంచి మొహమ్మద్ డియుబాటే, టులేన్ నుంచి కామ్ విలియమ్స్, అరిజోనా స్టేట్ నుంచి జేడెన్ క్వైంటెన్స్. హైస్కూల్ పిల్లల్లో జాస్పర్ జాన్సన్, మలకై మొరెనో ఉన్నారు.

బలమైన జట్టే, కాదనను. కానీ ట్రావిస్ పెర్రీ లేడు. లయన్ కౌంటీ కుర్రాడు, కెంటకీ హైస్కూల్ చరిత్రలో అందరికన్నా ఎక్కువ పాయింట్లు చేసినవాడు. 2024లో పాత కోచ్ కాలిపారి ఆర్కన్సాస్‌కు వెళ్లిపోయి జట్టు మొత్తం ఖాళీ అయినప్పుడు కూడా కెంటకీలో చేరతానని ఇచ్చిన మాట మీద నిలబడ్డాడు. అలాంటివాడు ఒక్క సీజన్ ఆడి ఓల్ మిస్‌కు (మిసిసిపీ యూనివర్సిటీకి) వెళ్లిపోయాడు. మన రాష్ట్రం కుర్రాడే ఆగనప్పుడు ఈ జట్టును మన జట్టు అని ఎందుకు అనుకోవాలి?

త్రీపాయింటర్_గుంటూరు:
పెర్రీ సంగతి తర్వాత చూద్దాం అన్నా. కిందటి సీజన్‌లో కోబీ బ్రే త్రీలు (దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు) 43 శాతానికి పైగా వేశాడు. అతను ఎన్‌బీఏకు వెళ్లాడు. ఇప్పుడు బయటి నుంచి ఎవరు కొడతారు? కామ్ విలియమ్స్ ఒక్కడేనా?

పద్మజ_లూయీవిల్:
బాబు గారూ, మీ బాధ అర్థమైంది కానీ నింద తప్పు మనిషి మీద వేశారు. పెర్రీ మాట మీద నిలబడ్డాడు, నిజమే. మరి జట్టు అతనికి ఏమిచ్చింది? లామాంట్ బట్లర్‌కు భుజం, జాక్సన్ రాబిన్సన్‌కు మణికట్టు, కెర్ క్రీసాకు పాదం. ఇన్ని గాయాలైతే గానీ ఆ పిల్లాడికి ఆడే నిమిషాలు దొరకలేదు. సీజన్ సగటు మూడు పాయింట్లు కూడా లేదు. అదే గార్డు స్థానానికి జాస్పర్ జాన్సన్ 2024 నవంబరులోనే సంతకం చేశాడు. పెర్రీ వెళ్లాక వచ్చిన జాలెండ్, అబర్డీన్ కూడా గార్డులే. పందొమ్మిదేళ్ల కుర్రాడికి తన చోటు ఎక్కడో కనిపించదా? ఉన్నది నాలుగేళ్ల అర్హత. అందులో ఒకటి బెంచీ మీద పోయింది. రెండోది కూడా పోగొట్టుకోమంటారా?

వరంగల్ వాసు:
పద్మజ గారితో ఏకీభవిస్తాను. కాకపోతే మన పోటీ జట్టు ఊరు లూయీవిల్‌లో ఉంటూ కెంటకీ గురించి ఇంత రాసినందుకు ప్రత్యేక అభినందనలు.

బ్లూగ్రాస్ బాబు:
పద్మజ గారూ, ఒకటి చెప్పండి. మన సొంత మైదానం రప్ అరీనా పైకప్పు కింద గౌరవంగా వేలాడదీసిన జెర్సీలు చూశారా? రిచీ ఫార్మర్, డెరాన్ ఫెల్డ్‌హౌస్, జాన్ పెల్‌ఫ్రీ, షాన్ వుడ్స్. 1989లో కాలేజీ ఆటల సంస్థ ఎన్‌సీఏఏ జట్టుకు శిక్ష వేసి రెండేళ్లు టోర్నమెంట్ ఆడనివ్వలేదు. ఆ నలుగురూ ఉండిపోయారు. 1992లో డ్యూక్ మీద ఓవర్‌టైమ్‌లో 104-103తో, డ్యూక్ ఆటగాడు లేట్నర్ ఆఖరి షాట్‌తో ఓడిపోయారు. కప్పు గెలవలేదు. అయినా ఆ సీజన్ అవగానే వాళ్ల జెర్సీలు పైకి ఎక్కించారు. ఎందుకు? ఉన్నారు కాబట్టి.

ఇప్పుడు ఒక్కో జట్టు ఏడాదికోసారి మారుతోంది. ఇలాంటి జట్టు మీద ప్రేమ పెంచుకోవడం అద్దె ఇంటికి సొంత డబ్బుతో రంగులు వేయించుకున్నట్టు ఉంటుంది. నేను మాస్టర్స్‌కి లెక్సింగ్టన్ వచ్చినప్పుడు ఈ ఊళ్లో ఎవరూ తెలియదు. ఆట రోజున బస్సులో పక్కన కూర్చున్నవాళ్లు నాతో మాట్లాడటానికి కారణం ఈ జట్టే. ఆటగాళ్ల పేర్లు, వాళ్ల ఊళ్లు అన్నీ నేర్చుకున్నాను. ఇప్పుడు నేర్చుకున్న పేరు వచ్చే ఏడాదికి ఉండదు.

పద్మజ_లూయీవిల్:
1992 గురించి అందరూ చెబుతారు. అప్పుడు వేరే కాలేజీకి మారితే ఒక ఏడాది ఆడకుండా కూర్చోవాలి. ఆ శిక్ష భయం ఉన్నప్పుడు ఉండిపోవడం విశ్వాసమో, గత్యంతరం లేకపోవడమో ఎవరు తేల్చగలరు?

బ్లూగ్రాస్ బాబు:
తేల్చవచ్చు. అదే జట్టులోంచి లెరాన్ ఎల్లిస్ సిరక్యూస్‌కు వెళ్లాడు. దారి ఉంది. ఆ నలుగురు ఆ దారి పట్టలేదు.

కోదాడ కుర్రాడు:
పాయింటే అన్నా. 👍

త్రీపాయింటర్_గుంటూరు:
నా ప్రశ్నకు ఎవరూ జవాబు ఇవ్వలేదు. జాలెండ్ మంచి ఆటగాడే, పిట్స్‌బర్గ్‌లో దాదాపు 17 పాయింట్ల సగటు, కానీ బయటి షాట్ మీద ఆధారపడేవాడు కాదు. ఓవే కూడా రిమ్ మీదికి దూసుకెళ్లే రకం. డియుబాటే, క్వైంటెన్స్, గారిసన్ ముగ్గురూ లోపల ఆడేవాళ్లు. పోప్ ఆట అంతా త్రీల మీద నిలబడింది కదా, ఈ జట్టు ఆ ఆటకు సరిపోతుందా?

సుధ_సిన్సినాటి:
త్రీపాయింటర్ అడిగింది అసలైన ప్రశ్న. పోప్ ఈసారి కావాలనే డిఫెన్స్ వైపు మొగ్గాడని నాకు అనిపిస్తోంది. కిందటిసారి స్వీట్ సిక్స్‌టీన్‌లో (జాతీయ టోర్నమెంట్‌లో చివరి పదహారు జట్ల రౌండ్‌లో) టెనెసీ 78-65తో ఎలా ఆపేసిందో చూశాం. కండబలం చాలలేదు. డియుబాటేను తెచ్చింది అందుకే. క్వైంటెన్స్ మోకాలి శస్త్రచికిత్స నుంచి ఎప్పుడు కోలుకుంటాడన్నదే నా టెన్షన్.

బ్లూగ్రాస్ బాబు:
సుధ గారూ, క్వైంటెన్స్ పేరు వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. అతను మొదట కెంటకీకి మాట ఇచ్చాడు. కాలిపారి వెళ్లగానే అరిజోనా స్టేట్‌కు వెళ్లాడు. ఏడాది తిరిగేసరికి మళ్లీ ఇక్కడికి. ఇది ఏ రకం నిబద్ధత?

పద్మజ_లూయీవిల్:
కాలిపారి వెళ్లగానే అని మీరే రాశారు. దాని ముందుది మర్చిపోయారు. 2019లో కాలిపారితో పదేళ్లకు 8.6 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకున్నారు, జీవితకాల ఒప్పందం అని గొప్పగా చెప్పుకున్నారు. 2024 మార్చిలో జాతీయ టోర్నమెంట్‌లో ఓక్లండ్ యూనివర్సిటీ చేతిలో 80-76తో మొదటి రౌండ్‌లోనే ఓడారు, ఏప్రిల్‌లో ఆయన ఆర్కన్సాస్‌లో తేలారు. మన ఆటగాళ్లు వాగ్నర్, థియెరో, ఇవిసిచ్ ఆయన వెంట వెళ్లారు. కోచ్ మాట తప్పితే వ్యాపారం, పదహారేళ్ల పిల్లాడు మాట మార్చుకుంటే నిబద్ధత లేకపోవడం!

వరంగల్ వాసు:
2025 ఫిబ్రవరి 1న కాలిపారి రప్‌కు వచ్చినప్పుడు జనం అరిచిన అరుపులు గుర్తున్నాయి. ఆర్కన్సాస్ 89-79తో గెలిచి వెళ్లింది. ఇంకా మండుతోంది.

బ్లూగ్రాస్ బాబు:
నేను కోచ్‌ను సమర్థించానా? ఎక్కడ? ఆయన చేసింది కూడా తప్పే. ఒకరి తప్పు చూపించి ఇంకొకరిది కడిగేయలేరు. అబర్డీన్ ఏప్రిల్‌లో ఫ్లోరిడాతో హ్యూస్టన్ మీద 65-63తో జాతీయ కప్పు గెలిచాడు. అదే నెలలో పోర్టల్‌లోకి దిగి మన దగ్గరికి వచ్చాడు. కప్పు గెలిచిన జట్టును కూడా వదిలేస్తే ఇంకేం కావాలి వీళ్లకు?

పద్మజ_లూయీవిల్:
మొదటి అయిదుగురిలో చోటు కావాలి. డబ్బు కావాలి. రెండూ న్యాయమైన కోరికలే. 2021 వరకు ఈ పిల్లలు తమ పేరు మీద ఒక్క డాలర్ సంపాదించకూడదు. 2024 ఏప్రిల్ వరకు రెండోసారి మారాలంటే ప్రత్యేక అనుమతి అడగాలి, లేదంటే ఏడాది కూర్చోవాలి. ఈ జూన్ 6న హౌస్ కేసు (ఆటగాళ్లు ఎన్‌సీఏఏ మీద వేసినది) సెటిల్‌మెంట్‌ను జడ్జి ఆమోదించాక మొదటిసారి కాలేజీలు నేరుగా ఆటగాళ్లకు చెల్లిస్తున్నాయి. 2025-26కు ఒక్కో కాలేజీకి అన్ని ఆటలకూ కలిపి 2.05 కోట్ల డాలర్ల పరిమితి. పోప్ ఒప్పందం ఒక్కటే ఐదేళ్లకు 2.75 కోట్లు. ఆ లెక్క మీకు తప్పుగా అనిపించలేదు. ఆటగాడు అడిగితే మాత్రం బాధ.

కోదాడ కుర్రాడు:
మధ్యలో ఒక మాట. ఎఫ్-1 మీద ఉన్న ఆటగాళ్లకు ఇదంతా దాదాపు వర్తించదు. అమారి విలియమ్స్ ఇంగ్లండ్ నుంచి, ఆస్కార్ చీబ్వే కాంగో నుంచి. చీబ్వే 2022లో జట్టు బహామాస్ వెళ్లినప్పుడు తన పేరు మీద సంపాదించే ప్రచార ఒప్పందాల పనులు అమెరికా బయట చేసుకోవాల్సి వచ్చింది. నేనూ ఎఫ్-1 మీదే ఉన్నాను. క్యాంపస్ బయట గంట పని చేయాలన్నా భయం. అందుకే ఎవరైనా వెళ్లగలుగుతున్నారంటే నాకు సంతోషమే.

పద్మజ_లూయీవిల్:
పైగా చీబ్వే కెంటకీకి వచ్చింది వెస్ట్ వర్జీనియా నుంచి బదిలీ మీదే. 2022లో జాతీయ ఉత్తమ ఆటగాడు అయ్యాడు. అప్పుడు అతన్ని ఎవరూ విశ్వాసం లేనివాడని అనలేదు బాబు గారూ. మనకు లాభమైతే కొత్త రక్తం, నష్టమైతే ద్రోహం.

బ్లూగ్రాస్ బాబు:
ద్రోహం అన్న మాట నేను వాడలేదు. నా నోట్లో మాటలు పెట్టకండి. మీలాంటి వాళ్లకు ఎప్పుడూ వెళ్లిపోయేవాడే హీరో. ఉన్నవాడు చేతకానివాడు. నేను చిన్న కంపెనీ నడుపుతాను. ఇండియా నుంచి పిల్లల్ని తెచ్చి, వీసా ఖర్చులు పెట్టుకుని, పని నేర్పించి ప్రాజెక్టులో నిలబెట్టాను. క్లయింట్ దగ్గర పేరు రాగానే గంటకు కొన్ని డాలర్లు ఎక్కువ ఇస్తామన్న చోటికి వెళ్లిపోయారు. ఒకడు కనీసం ఫోన్ కూడా చేయలేదు. ఆ ఏడాది కంపెనీ మూతపడే స్థితికి వచ్చింది. తయారుచేసేవాడి కష్టం ఎవరికీ పట్టదు.

పద్మజ_లూయీవిల్:
ఇప్పుడు బయటికి వచ్చింది అసలు విషయం. నేను అవతలి వైపు కూర్చున్నదాన్ని. ఒక కన్సల్టెన్సీలో హెచ్-1బీ మీద పనిచేశాను. క్లయింట్ ఎంత ఇస్తున్నాడో నాకు చెప్పేవాళ్లు కాదు. గ్రీన్‌కార్డు పని మొదలుపెడతాం, ఇంకో ఆరు నెలలు ఓపిక పట్టు అంటూ లాగారు. వెళ్తానంటే అగ్రిమెంట్ కాగితం తీసి, ఇంత కట్టాలన్నారు. నాన్నకు ఆపరేషన్ అయినప్పుడు వీసా స్టాంపింగ్ భయంతో ఇండియా వెళ్లలేదు. అందరూ నన్ను మంచి అమ్మాయి, నిలకడ గల అమ్మాయి అన్నారు. అది నిలకడ కాదండీ. కట్టేశారు. కాబట్టి ఒక పిల్లాడు ఏప్రిల్‌లో ఒక ఫారం నింపి, నాకు ఇక్కడ చోటు లేదు, వెళ్తున్నాను అని చెప్పగలిగితే నా కడుపు చల్లబడుతుంది.

బ్లూగ్రాస్ బాబు:
నేను ఎవరినీ కట్టేయలేదు. ఎవరి దగ్గరా అలాంటి కాగితం రాయించుకోలేదు. మీకు ఎవరో చేసిన అన్యాయానికి నన్ను బోనులో నిలబెట్టకండి.

పద్మజ_లూయీవిల్:
మీకు ఎవరో చేసినదానికి మీరు పెర్రీని నిలబెట్టినట్టే.

నిర్వాహకుడు:
ఇద్దరూ కాస్త తగ్గండి. వ్యక్తిగత విషయాలు వద్దు. జట్టు గురించి మాట్లాడండి.

సుధ_సిన్సినాటి:
వాళ్లు మాట్లాడుతున్నది జట్టు గురించే అనుకుంటాను. మధ్యేమార్గం లేదా? ఇప్పుడు కొన్ని కాలేజీలు ఆటగాళ్ల ఒప్పందాల్లో బయౌట్ షరతులు పెడుతున్నాయి. ముందే వెళ్తే కొత్త కాలేజీ కొంత కట్టాలి. రెండేళ్ల ఒప్పందం అయితే బాబు గారికి పేర్లు గుర్తుంటాయి, ఆటగాడికి డబ్బు వస్తుంది.

పద్మజ_లూయీవిల్:
రెండు వైపులా కట్టుబాటు ఉంటే ఒప్పుకుంటాను. ఆటగాడు వెళ్తే డబ్బు కట్టాలి సరే. కోచ్ మారినా, అతని స్థానంలో ఇంకొకర్ని తెచ్చినా ఆటగాడు ఏమీ కట్టకుండా వెళ్లగలగాలి. ఇవన్నీ తేల్చాలంటే ఎన్‌బీఏలో లాగా ఆటగాళ్లకు సంఘం ఉండాలి, వాళ్లను ఉద్యోగులుగా గుర్తించాలి. లేదంటే షరతులు రాసేది ఎప్పుడూ ఒక్క వైపు వాళ్లే.

బ్లూగ్రాస్ బాబు:
రెండేళ్ల ఒప్పందం వరకు నాకూ సమ్మతమే. రెండు వైపులా అన్నది కూడా న్యాయమే. ఉద్యోగులు అన్న దగ్గరే నేను ఆగిపోతాను. నేను టికెట్ కొని వెళ్లేది నేను చదివిన కాలేజీ విద్యార్థులు ఆడే ఆట చూడటానికి. నేను కూర్చున్న లైబ్రరీలోనే వాళ్లూ కూర్చుంటారన్న నమ్మకంతో. జీతం తీసుకునే ఉద్యోగుల ఆట చూడాలంటే టీవీలో ఎన్‌బీఏ ఉంది, ఇంతకన్నా బాగా ఆడతారు. ఇది అలా మారితే నేను రావడం మానేస్తాను.

పద్మజ_లూయీవిల్:
ఇరవై వేల టికెట్లు, టీవీ ఒప్పందాలు, కోచ్‌కు కోట్లు. వీటి మధ్య వాళ్లు మీలాంటి విద్యార్థులని మీరు నిజంగా నమ్ముతున్నారా?

బ్లూగ్రాస్ బాబు:
నమ్ముతున్నాను. ట్రెంట్ నోవా హార్లన్ కౌంటీ నుంచి వచ్చాడు, ఉన్నాడు. మొరెనో మన రాష్ట్రంలోని జార్జ్‌టౌన్ కుర్రాడు, ఈ ఏడాది కెంటకీ మిస్టర్ బాస్కెట్‌బాల్ (రాష్ట్ర ఉత్తమ హైస్కూల్ ఆటగాడు). వాళ్లిద్దరినీ ఆడనివ్వమని పోప్‌ను అడుగుతాను. వాళ్లు నాలుగేళ్లు ఉంటే జట్టు గెలవకపోయినా నేను గెలిచినట్టే.

పద్మజ_లూయీవిల్:
నోవాకు నిమిషాలు ఇవ్వకపోతే?

బ్లూగ్రాస్ బాబు:
అప్పుడు తప్పు పోప్‌ది. అయినా నోవా ఉండాలనే కోరుకుంటాను.

పద్మజ_లూయీవిల్:
నేను వెళ్లాలని కోరుకుంటాను.

త్రీపాయింటర్_గుంటూరు:
నోవా త్రీలు బాగానే వేస్తాడు. ముందు అతన్ని ఆడించమనండి, బ్రే చోటుకు నాకు కనిపిస్తున్నవాళ్లు అతనూ కామ్ విలియమ్సే.