శిక్షణ నిధి వచ్చింది: ముందు కార్యవర్గానికా, సిబ్బందికా?

ప్రశ్న (గాజువాకలోని ఒక స్వచ్ఛంద సంస్థ కార్యదర్శి)

అందరికీ నమస్కారం. గాజువాక, పెందుర్తి ప్రాంతాలలో కార్మిక కుటుంబాల పిల్లల కోసం సాయంకాలపు చదువు కేంద్రాలు నడిపే ఒక సొసైటీకి నేను కార్యదర్శిని. జీతం మీద పనిచేసేవారు పదిమంది కూడా లేరు. వారితోపాటు ఏమీ తీసుకోకుండా పాఠాలు చెప్పే కళాశాల విద్యార్థులు మరికొందరు ఉన్నారు. కార్యవర్గ సభ్యులలో ఎక్కువమంది ఉక్కు కర్మాగారంలోనూ, పోర్టులోనూ ఉద్యోగం చేసి విరమించిన పెద్దలు. సంస్థ మీద వారికి ఉన్న అభిమానానికి వంక పెట్టలేము గాని, కోశాధికారి లెక్కలు చదువుతుంటే తలూపి, టిఫిను చేసి, సంతకం పెట్టి వెళ్లడమే సమావేశమన్నట్లుగా తయారైంది. ఈ ఏడాది మాకు నిధులిచ్చే కంపెనీ వారు శిక్షణ ఖర్చు కూడా తామే భరిస్తామన్నారు. బీచ్ రోడ్డులోని ఒక హోటల్లో అందరినీ కలిపి కూర్చోబెట్టి రెండు రోజుల కార్యక్రమం చేయిస్తానని ఒక కన్సల్టెంటు ప్రతిపాదన పంపారు. పాఠాలన్నీ ఇంగ్లీషులోనే ఉంటాయట. ఆ డబ్బును ముందు ఎవరి మీద, ఏ విషయం మీద ఖర్చు పెడితే ఫలితం ఉంటుందో అనుభవజ్ఞులు చెప్పగలరు.

సమాధానం (ఎం.వి.పి. కాలనీ, మరొక సంస్థ కోశాధికారి)

నా ఓటు కార్యవర్గానికే. అయితే హోటల్ అవసరం లేదు, కన్సల్టెంటు కూడా అవసరం లేదు. మీ పెద్దలకు లెక్కలు తెలియవనుకోవడం పొరపాటు. ప్రభుత్వ రంగంలో జీవితమంతా టెండర్లు, ఓచర్లు, ఆడిట్ అభ్యంతరాలు చూసినవారికి జమా ఖర్చులు కొత్త కాదు. అడ్డుపడేది మొహమాటం. ప్రశ్న వేస్తే కార్యదర్శిని అనుమానించినట్లవుతుందేమోనని వారు ఊరుకుంటారు, వారు ఊరుకున్నారు గనుక అంతా సవ్యంగానే ఉందని కార్యదర్శి అనుకుంటారు. కాబట్టి వారికి నేర్పవలసినది అకౌంటెన్సీ కంటే ముందు, ప్రశ్నించడం కార్యవర్గ సభ్యుని బాధ్యతే తప్ప అమర్యాద కాదన్న సంగతి.

అందుకు మీ గత సంవత్సరపు ఆడిట్ నివేదికనే పాఠ్యపుస్తకం చేసుకోండి. సమావేశానికి వారం ముందే ప్రతి సభ్యునికీ ప్రతి పంపి, ఒక్కొక్కరూ రెండు ప్రశ్నలు రాసుకొని రావాలని చెప్పండి. మీ ఆడిటరును రెండు గంటలు కూర్చోబెట్టి వాటికి జవాబు చెప్పించండి. ఒక పనికోసమని వచ్చిన డబ్బు ఇంకొక పనికి మళ్లిందా, బ్యాంకు నిల్వకూ క్యాష్ పుస్తకానికీ పొంతన ఎవరు చూస్తున్నారు, చెక్కు మీద సంతకం పెట్టే ఇద్దరిలో ఒకరు ఊళ్లో లేనప్పుడు ఖాళీ చెక్కుల మీద ముందే సంతకాలు పెట్టించుకొంటున్నారా అన్న ప్రశ్నలు ఆ రోజు తప్పక రావాలి. ఎవరూ అడగకపోతే మీరే అడగండి.

చట్టం విషయానికి వస్తే, 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టంతోపాటు మీ నియమావళిని కూడా సభ్యులు ఒకసారి పూర్తిగా చదవాలి. ఆ నియమావళి ఎక్కడుందో చాలా సంస్థలలో కార్యదర్శికి తప్ప ఎవరికీ తెలియదు. ఆదాయపు పన్ను గురించి ఎవరినైనా పిలిచేటట్లయితే, 2025 నాటి కొత్త చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి రావడంతో సెక్షన్ల సంఖ్యలు మారాయన్నది గుర్తుంచుకోండి. పాత సంఖ్యలను వల్లె వేయించేవారి కంటే, దాత ఇచ్చిన రూపాయి రసీదు నుంచి రిటర్ను దాకా ఎలా వెళుతుందో బోర్డు మీద గీసి చూపించేవారు మేలు.

సమాధానం (మద్దిలపాలెం, బాలల రక్షణ రంగంలో పనిచేసే సామాజిక కార్యకర్త)

పై సూచన మంచిదే గాని, వరుస విషయంలో నేను విభేదిస్తాను. మీరు పిల్లలతో పనిచేస్తున్నారు. లెక్కల తరగతి నెల రోజులు ఆగినా కొంప మునగదు, పిల్లల రక్షణ మీద శిక్షణ ఆగకూడదు. 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం, పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినవారెవరైనా పోలీసులకు తెలియజేయవలసిందే. అందులో జీతగాడు, స్వచ్ఛంద కార్యకర్త అన్న తేడా లేదు. తన కింద పనిచేసే వ్యక్తి చేసిన నేరాన్ని సంస్థ బాధ్యుడు దాచిపెడితే 21వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలు, జరిమానా ఉన్నాయి. మీ కార్యవర్గ పెద్దలలో ఎంతమందికి ఈ సంగతి తెలుసో కనుక్కోండి.

రెండవది, మీకు పదిమంది కూడా లేరు గనుక 2013 నాటి పని ప్రదేశంలో మహిళలపై లైంగిక వేధింపుల నిరోధక చట్టం కింద ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ అక్కరలేదని మీరు అనుకొంటూ ఉండవచ్చు. ఆ చట్టంలో ఉద్యోగి అన్న నిర్వచనంలోకి స్వచ్ఛందంగా పనిచేసేవారు కూడా వస్తారు. మీ విద్యార్థులను కలిపి లెక్కిస్తే పదికి చేరే అవకాశం ఉంది. చేరితే కమిటీ వేయడమే కాక, అవగాహన కార్యక్రమాలు, కమిటీ సభ్యులకు శిక్షణ నిర్వహించడం కూడా 19వ సెక్షన్ ప్రకారం యజమాని విధి.

ఈ శిక్షణ ఉపన్యాసంగా ఉంటే ఎవరికీ ఏమీ మిగలదు. "రాత్రి ఏడున్నరకు కేంద్రం మూసే వేళ ఒక పాప ఇంటికి వెళ్లనని ఏడుస్తోంది, నువ్వేం చేస్తావు?" అని అడిగి, ఎవరికి ఫోను చేయాలి, పాపను ఏమేం అడగకూడదు, పిల్లల సహాయవాణి 1098కు ఏమని చెప్పాలి అన్నవి వారి చేతనే చేయించాలి. అదంతా తెలుగులోనే జరగాలి, ఎందుకంటే ఆ పాప ఇంగ్లీషులో ఏడవదు.

సమాధానం (పాడేరు, క్షేత్ర సమన్వయకర్త)

ఒక చిన్న మాట. మా వైపు కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడే కార్యకర్తలను నగరానికి పిలిపించి తరగతులు పెడుతుంటారు. వెళ్లినవారు సర్టిఫికెట్టు, సంచి తెచ్చుకుంటారు, పని మాత్రం మునుపటిలాగే సాగుతుంది. ఆ తరగతుల కంటే, పని బాగా జరుగుతున్న ఒక కేంద్రంలో మూడు రోజులు పక్కన కూర్చొని చూడనివ్వడం వల్ల ఎక్కువ నేర్చుకున్నారు. నివేదిక రాయడం కూడా అంతే. మాదిరి నివేదిక చేతికిచ్చే బదులు, వారు రాసినదాన్ని వారి ఎదుటే దిద్దితే వస్తుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయపు సోషల్ వర్క్ విభాగం విద్యార్థులకు క్షేత్ర పని చదువులో భాగమే. ఈ దిద్దుబాటుకు వారి సాయం అడిగి చూడండి.

ప్రశ్న వేసిన కార్యదర్శి

అందరికీ ధన్యవాదాలు. విద్యార్థులను లెక్కలోకి తీసుకోవాలన్నది నిజంగా తట్టలేదు; రేపే జాబితా తీస్తాను. ఇంకొక సందేహం: కంపెనీ సామాజిక బాధ్యత నిధులలో నిర్వహణ ఖర్చు 5 శాతం మించకూడదంటారు కదా, శిక్షణ కూడా అందులోకే వస్తుందా?

సమాధానం (ఎం.వి.పి. కాలనీ కోశాధికారి)

ఆ 5 శాతం పరిమితి కంపెనీ తన సామాజిక బాధ్యత విభాగాన్ని నడుపుకోవడానికి పెట్టే ఖర్చుకు సంబంధించినది. పని అమలు చేసే సంస్థ ఖర్చుకు కాదు. చాలామంది కంపెనీ అధికారులు కూడా ఈ రెంటినీ కలిపేస్తుంటారు. కాబట్టి పిల్లల రక్షణ శిక్షణను, బోధకుల శిక్షణను చదువు కేంద్రాల ప్రాజెక్టులోనే ఒక పద్దుగా చూపి, ఒప్పందంలో రాయించుకోండి. నోటిమాట మీద ఖర్చు చేయవద్దు. కార్యవర్గ శిక్షణను ఆ పద్దులో కలపవద్దని నా సలహా. దానికి అయ్యేది ఆడిటరు రెండు గంటల సమయం, టిఫిను ఖర్చే గనుక సభ్యత్వ రుసుములలోంచి పెట్టుకోవచ్చు. మీకు విదేశీ విరాళాలు కూడా ఉంటే సంగతి వేరు: ఆ విరాళాల చట్టానికి 2020లో వచ్చిన సవరణ తర్వాత అక్కడ పరిపాలనా వ్యయం 20 శాతం దాటకూడదు, ఆ పరిమితి నేరుగా మీ సంస్థకే వర్తిస్తుంది. ఆ డబ్బులోంచి శిక్షణకు పెట్టే ముందు దానిని ఏ పద్దు కింద చూపాలో మీ ఆడిటరు చేత కాగితం మీద రాయించుకోండి.