పెన్‌డ్రైవు తనంతట తానే మౌంట్ కావాలా, చేత్తో చేసుకోవాలా?

మహేంద్రతనయ (పర్లాకిమిడి):
మా వీధి తెలుగు గ్రంథాలయంలోని ఒకే ఒక్క లినక్సు కంప్యూటరులో పెన్‌డ్రైవు పెట్టగానే దానంతట అదే మౌంట్ అయ్యే ఏర్పాటును కార్యదర్శిగారు తీసివేశారు. దరఖాస్తు ముద్రించుకోవడానికి వచ్చిన ప్రతి విద్యార్థీ ఆయన వచ్చేదాకా కూర్చోవలసి వస్తున్నది. ఇది సబబేనా?

వంశధార:
ముమ్మాటికీ సబబే. మౌంట్ చేయడమంటే పరికరంలోని ఫైల్‌సిస్టమును ఒక డైరెక్టరీకి, అంటే ఫోల్డరుకు, తగిలించడం. ఏది ఎక్కడ తగులుతున్నదో మనిషి కళ్లతో చూడాలి. 'ఎల్‌ఎస్‌బీఎల్‌కే' అని కొట్టి (యంత్రానికి తగిలిన డిస్కుల జాబితా చూపే ఆజ్ఞ అది), పరిమాణాన్నిబట్టి మనది ఎస్‌డీబీ1 (పెన్‌డ్రైవుకు లినక్సు ఇచ్చిన పేరు) అని పోల్చుకుని, ఆ తరువాత 'సుడో మౌంట్' (నిర్వాహకుడి అధికారంతో మౌంట్ చేసే ఆజ్ఞ) ఇస్తే పొరపాటుకు తావుండదు. నిరుడు ఒక ముద్రణ దుకాణంలో నా పెన్‌డ్రైవు తనంతట తానే తెరుచుకున్నది. ఇంటికి వచ్చి చూస్తే మా నాన్నగారి భూమి పత్రాలలో సగం తెరుచుకోలేదు.

మహేంద్రతనయ:
తగిలించినందుకు పత్రాలు పాడుకావు, విప్పకుండా లాగితే పాడవుతాయి. కాపీ పూర్తయినట్లు తెరమీద కనిపించినా కొంత డేటా ఇంకా ర్యామ్‌లోనే ఉండవచ్చు. అన్‌మౌంట్ చేస్తేనే అదంతా పెన్‌డ్రైవుకు చేరిందన్న భరోసా. పైగా ఎఫ్‌ఏటీ32లో (పెన్‌డ్రైవుల్లో తరచుగా ఉండే ఫైల్‌సిస్టము) ఫైలుకు యజమాని ఎవరన్న వివరమే నమోదు కాదు కనుక, మీరు చెప్పినట్లు సుడోతో ఊరికే మౌంట్ చేస్తే అన్నీ రూట్ (నిర్వాహకుడి ఖాతా) పేర కనిపిస్తాయి, మామూలు వాడుకరి చదవగలడే గాని ఒక్క అక్షరం రాయలేడు. 'యూఐడీ=1000' (వాడుకరి సంఖ్య) వంటిది చేర్చాలని మీరు చెప్పనేలేదు.

ప్రాణహిత (సిరొంచ):
ఆజ్ఞ 'అన్‌మౌంట్' కాదండీ, 'యూమౌంట్'. మొదటి 'యూ' తరువాత 'ఎన్' అక్షరం లేదు.

వంశధార:
ఆజ్ఞ పేరే తెలియనివారు నాకు యూఐడీ నేర్పుతున్నారు!

మహేంద్రతనయ:
నేను రాసింది పని పేరు, ఆజ్ఞ పేరు కాదు.

నాగావళి (రాయగడ):
సుడో గొడవే అక్కరలేదు. 'యూడిస్క్స్‌సీటీఎల్' అనే మరో మౌంట్ ఆజ్ఞ వాడితే, సాధారణంగా, యంత్రం ముందు కూర్చున్నవారిని సంకేతపదం అడగదు, ఫైళ్లు వారి పేరే ఉంటాయి, నోసూయిడ్ (అందులోని ప్రోగ్రాములకు యజమాని అధికారాలు దక్కనివ్వనిది), నోడెవ్ (అందులోని ఫైళ్లను పరికరాలుగా పనిచేయనివ్వనిది) రక్షణలు వాటంతట అవే పడతాయి.

వంశధార:
సంకేతపదం అడగకపోవడమే నా అభ్యంతరం. మహేంద్రతనయ గారూ, ఆ కార్యదర్శిని నేనేనని తెలిసే ఇక్కడ రాశారు. మునుపు ఎవరో సభ్యత్వ పట్టిక చెరిపివేసినప్పుడు సంఘం ముందు తలవంచుకుని నిలబడ్డది నేను, మీరు కాదు.

మహేంద్రతనయ:
ఆ మాట మొదటే చెప్పి ఉంటే ఎస్‌డీబీ1 పాఠం మాకు తప్పేది. పిల్లలను మీరు నమ్మరు, అంతే గదా.

వంశధార:
నమ్మను. సాయంత్రం ఆరింటిదాకా నేను అక్కడే ఉంటాను, నన్ను అడగవచ్చు.

మహేంద్రతనయ:
మొన్న ఆదివారం లేరు. దరఖాస్తుకు అదే చివరి రోజు. ముగ్గురు పాతపట్నం వెళ్లి ముద్రించుకుని వచ్చారు.