సాంటియాగో కెథెడ్రల్‌లో పై గ్యాలరీ ఎందుకు కట్టారు?

నమస్కారం అండీ. పోయిన నెల స్పెయిన్‌లో సాంటియాగో దె కొంపొస్తెలా కెథెడ్రల్ (పెద్ద చర్చి) చూసొచ్చాం. బయట కనిపించేది 18వ శతాబ్దపు బరోక్ శైలి (ఆడంబరమైన అలంకారాల పద్ధతి) ముఖభాగం. దాన్ని దాటి లోపలికెళ్తే మాస్టర్ మతేవో చెక్కించిన ద్వారమండపం, దూలాల మీద 1188 అని తేదీ ఉంది. మధ్య పాలరాతి స్తంభం మీద యాత్రికులు శతాబ్దాలుగా చెయ్యి ఆనించీ ఆనించీ ఐదు వేళ్లకీ గుంటలు పడ్డాయి. ఇప్పుడు ముట్టుకోనివ్వరు లెండి.

నా సందేహం వేరే. 1075లో మొదలైన ఈ గుడిలో పక్క నడవాల పైన చుట్టూ ఒక గ్యాలరీ ఉంది. యాత్రికులు రాత్రిళ్లు అక్కడే పడుకునేవారని మా గైడు చెప్పాడు. సివిల్ ఇంజినీరైన మా బావ ఒప్పుకోలేదు. నడిమి హాలు మీది కమాను ఆకారపు రాతి కప్పు గోడల్ని బయటికి తోస్తుంది కదా, గ్యాలరీ మీది సగం కమాను ఆ తోపుడుకి ఎదురు నిలుస్తుందట. ఫ్రాన్స్‌లో తులూజ్, కాంక్ గుళ్లలోనూ ఇదే పద్ధతి అంటాడు.

మరి మెట్లెక్కి పైకెళ్లే వీలు ఎందుకు పెట్టినట్టు? రెండూ నిజమేనా? అడ్డుకోత బొమ్మ ఎవరి దగ్గరైనా ఉంటే పెట్టరూ, బావతో పందెం ఇంకా తేలలేదు.